వైమానిక దాడులు - తీవ్రవాద ఉద్యమాల ఓటమి: సోమాలిలాండ్ (1920) నుంచి మోసుల్ (2017) వరకు ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆకాశం నుంచి బాంబులు కురిపించి ఒక తీవ్రవాద ఉద్యమాన్ని ఓడించవచ్చునన్న వాదానికి నూరేళ్ళ చరిత్ర ఉంది. 1920లో బ్రిటిష్ సోమాలిలాండ్‌లో దర్వేష్ ఉద్యమం మీద జరిగిన దాడి ఈ వాదానికి తొలి నిదర్శనంగా ప్రచారం పొందింది. ఆ ఘటనను సైనిక నివేదికలతోపాటు ఉద్యమ నాయకుడి కవిత్వాన్ని కూడా ఆధారంగా తీసుకొని పునఃపరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. అక్కడ తేలిన అంశాలను వజీరిస్తాన్, ఐజోల్, మోసుల్ సందర్భాలతో పోల్చి చూడగా, వైమానిక దాడి ఉద్యమం ఆక్రమించిన స్థలాన్ని దాని చేతినుంచి తప్పించగలదనీ, ఉద్యమం పుట్టడానికి గల కారణాన్ని మాత్రం తొలగించలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వైమానిక దాడి, తీవ్రవాదం, దర్వేష్ ఉద్యమం, మౌఖిక కవిత్వం, రంబువాయ్ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

ఎదురుగా నిలిచి పోరాడే సైన్యం ఓడిపోతే ఆ ఓటమిని గుర్తించడం తేలిక. సైనికులు ఆయుధాలు దించుతారు, సంధిపత్రం మీద సంతకాలు పడతాయి, తేదీ ఒకటి చరిత్రలో నిలుస్తుంది. ఒక నమ్మకం చుట్టూ కూడిన ఉద్యమానికి ఇటువంటి తేదీ ఉండదు. దాని కోట కూలినా పాట మిగలవచ్చు. నాయకుడు మరణించినా అతని మాట మరొక తరానికి చేరవచ్చు. కనుక ‘ఓటమి’ అనే మాటకు అర్థమేమిటో తేల్చుకోకుండా, వైమానిక దాడులు ఒక ఉద్యమాన్ని ఓడించగలవా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పలేము.

సాహిత్య పరిశోధకులకు ఈ విషయంతో పనేమిటన్న సందేహం కలగడం సహజం. తెలంగాణ సాయుధ పోరాట గేయాలను, బుర్రకథలను చరిత్రకు ఆధారాలుగా చదివే పద్ధతి తెలుగు పరిశోధనలో స్థిరపడింది. ఒక పోరాటం ఎప్పుడు ఆగిందో ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. అది జనం మనసులో ఎప్పుడు ఆగిందో, అసలు ఆగిందో లేదో తెలుసుకోవడానికి పాటనే ఆశ్రయించాలి. ఆ పద్ధతినే ఇక్కడ మన ప్రాంతం కాని చోట్లకు అన్వయించే ప్రయత్నం జరిగింది.

2. పేరు పెట్టడంలోని చిక్కు

ముందుగా ‘తీవ్రవాదం’ అన్న మాటను గురించి ఒక వివరణ అవసరం. తెలుగు చరిత్ర గ్రంథాలు బాలగంగాధర్ తిలక్, లాలా లజపతి రాయ్, బిపిన్ చంద్ర పాల్‌లను ‘అతివాదులు’ అన్నాయి. ఆ పేరులో ఇప్పుడు మనకు నింద ధ్వనించదు. తర్వాతి దశాబ్దాలలో పత్రికల భాషలో ‘తీవ్రవాదులు’, ‘ఉగ్రవాదులు’ అన్న మాటలు వేర్వేరు ఉద్యమాలకు స్థిరపడ్డాయి. ఒక ఉద్యమం తీవ్రమైనదా కాదా అన్న నిర్ణయం చాలావరకు పేరు పెట్టేవారి చేతిలో ఉంటుందని ఈ పరిణామమే తెలుపుతుంది.

ఈ వ్యాసంలో పరిశీలించిన నాలుగు ఉద్యమాలు ఒకే జాతివి కావు. వలస పాలనను ఎదిరించిన మతోద్యమం, ప్రత్యేక దేశం కోరిన జాతీయోద్యమం, సామూహిక హత్యలను, బానిసత్వాన్ని బాహాటంగా సమర్థించుకున్న సంస్థ - వీటిని నైతికంగా ఒక గాటన కట్టడం ఈ రచన ఉద్దేశం కాదు. పాలకులు వీటన్నిటినీ తీవ్రమైనవిగా భావించి వీటి మీదికి విమానాలు పంపారన్నదే ఇక్కడి పోలిక.

3. దర్వేష్ ఉద్యమం: ఆయుధంగా కవిత్వం

విమానం నుంచి తొలి బాంబు పడింది 1911లో, లిబియాలో ఇటలీ జరిపిన యుద్ధంలో. అయితే ‘విమానాలతోనే ఒక తిరుగుబాటును అణచివేశాం’ అన్న మాట గట్టిగా వినిపించింది 1920లో, సోమాలిలాండ్ సందర్భంలో.

సయ్యిద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ సాలిహియా అనే సూఫీ శాఖకు చెందిన గురువు. 1899లో బ్రిటిష్, ఇథియోపియా అధికారాలకు ఎదురుతిరిగి దర్వేష్ ఉద్యమాన్ని ప్రారంభించాడు. బ్రిటిష్ వారు అతనికి ‘పిచ్చి ముల్లా’ అని పేరు పెట్టారు. 1901-1904 మధ్య నాలుగు సైనిక యాత్రలు జరిపినా అతన్ని పట్టుకోలేకపోయారు. 1910లో దేశాంతర్భాగాన్ని వదిలి తీరపట్టణాలకు తగ్గారు. ఆ తర్వాత ఏర్పడిన అరాచకంలో, కరువులో, తెగల మధ్య కలహాలలో అసంఖ్యాకులైన సోమాలీలు మరణించారు. నిషిద్ధమైనదాన్ని తిని బతికిన కాలంగా సోమాలీల స్మృతి ఆ రోజులకు పేరు పెట్టుకుంది. దర్వేష్‌ల హింసకు గురైన వారిలో అధికులు తోటి సోమాలీలేనన్నది మరువరాని విషయం.

ఈ నాయకుడు సోమాలీ భాషలో మహాకవి కూడా. సోమాలీ భాషకు అధికారిక లిపి 1972లో గాని ఏర్పడలేదు. అందువల్ల అతని కాలంలో వార్త, వాదం, దూషణ, రాజీ ప్రతిపాదన - అన్నీ ‘గబయ్’ అనే పద్యరూపంలో నోటినుంచి నోటికి ప్రయాణించేవి. గబయ్‌లో పాదపాదానికీ ఒకే ధ్వనితో మొదలయ్యే మాట ఉండాలి. ఈ నియమం వినేవారికి జ్ఞాపకం ఉంచుకోవడానికి తోడ్పడుతుంది. మన పద్యంలో యతిప్రాసలు ధారణకు చేసే మేలు తెలిసినవారికి దీని బలం వేరుగా చెప్పనక్కరలేదు. 1913లో డుల్ మడోబా వద్ద బ్రిటిష్ అధికారి రిచర్డ్ కార్ఫీల్డ్ మరణించినప్పుడు సయ్యిద్ చెప్పిన కవిత సోమాలీ సాహిత్యంలో నేటికీ ప్రసిద్ధం. చనిపోయిన అధికారినే సంబోధించి, పరలోకానికి వార్త మోసుకుపొమ్మని ఆజ్ఞాపించే పద్ధతిలో అది సాగుతుంది. 1982లో వెలువడిన తన గ్రంథంలో సయీద్ ఎస్. సమతర్ ఈ కవిత్వాన్ని ఉద్యమ రాజకీయంలో అంతర్భాగంగా విశ్లేషించాడు.

మాటతో పెరిగిన ఉద్యమాన్ని మాటే బలంగా దెబ్బతీసింది. 1909లో సాలిహియా శాఖ గురువు మహమ్మద్ సాలిహ్ మక్కా నుంచి సయ్యిద్ చర్యలను ఖండిస్తూ ఉత్తరం రాశాడు. దాని ప్రభావంతో అనుచరులలో చీలిక వచ్చింది. పలువురు శిబిరాన్ని వదిలిపోయారు. విమానాలు రావడానికి పదకొండేళ్ళ ముందే ఉద్యమం లోపలినుంచి బలహీనపడసాగిందన్నమాట.

4. మూడు వారాల యుద్ధం

మొదటి ప్రపంచ యుద్ధానంతరం బ్రిటన్‌లో సైనిక వ్యయాన్ని తగ్గించాలన్న ఒత్తిడి పెరిగింది. 1918లో ఏర్పడిన రాయల్ ఎయిర్ ఫోర్స్‌ను ప్రత్యేక దళంగా ఉంచాలా, తిరిగి సైన్యంలో కలపాలా అన్న చర్చ నడుస్తున్నది. దాని అధిపతి హ్యూ ట్రెంచార్డ్‌కు తన దళం ప్రయోజనాన్ని నిరూపించే అవకాశం కావలసి ఉంది. యుద్ధ, వైమానిక శాఖలు రెండింటినీ నిర్వహిస్తున్న విన్‌స్టన్ చర్చిల్ ప్రోత్సాహం ఉంది. ఈ నేపథ్యంలో ‘జెడ్ యూనిట్’ అనే పేరుతో 12 డి.హెచ్.9 విమానాలు ఓడలో బెర్బెరా చేరాయి.

1920 జనవరి 21న తొలి దాడి జరిగింది. బయలుదేరిన విమానాలలో ఒక్కటే మెదిషె శిబిరాన్ని కనుగొనగలిగింది. మిగిలినవి జిదలి కోట మీద బాంబులు వేశాయి. ఆ ఒక్క విమానం చేసిన దాడిలోనే సయ్యిద్ పక్కన ఉన్నవారు మరణించారనీ, అతను వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడనీ వలసాధికారి డగ్లస్ జార్డైన్ 1923 నాటి తన గ్రంథంలో రాశాడు. తరువాతి రోజులలో బాంబుదాడులకు దర్వేష్‌లు చెదిరిపోయారు. ఫిబ్రవరి 9న ప్రధాన కేంద్రమైన తలేహ్ కోట స్వాధీనమైంది. సయ్యిద్ ఒగాడెన్ ప్రాంతానికి పారిపోయాడు. యుద్ధానికైన ఖర్చు 77,000 పౌండ్లుగా లెక్క తేలింది. ఇరవై ఏళ్ళ యాత్రలు సాధించలేనిది మూడు వారాలలో, అంత తక్కువ ఖర్చుతో ముగిసిందన్న వార్త లండన్‌లో గొప్ప ప్రభావం చూపింది.

బాంబుల ప్రభావాన్ని తక్కువ చేసి చూడడం సరికాదు. ఎన్నడూ విమానాన్ని చూడని జనం మీద అవి కలిగించిన దిగ్భ్రాంతి నిజం. శిబిరాలు చెదిరిన వేగం నిజం. కాని ఆ విజయానికి కారణాలు విమానాలు మాత్రమే అనడానికి ఆధారాలు చాలవు.

మొదటిది, సంచారజీవిగా ఉన్నంతకాలం దొరకని సయ్యిద్, తర్వాతి కాలంలో యెమెన్ తాపీ పనివారిచేత రాతికోటలు కట్టించుకొని స్థిరపడ్డాడు. కోట అతనికి రక్షణనిచ్చింది. అదే సమయంలో ఆకాశం నుంచి గురిపెట్టడానికి స్థిరమైన లక్ష్యాన్నీ ఇచ్చింది. రెండవది, విమానాలతోపాటు ఒంటెల దళం, కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్, భారతీయ పటాలం, సోమాలీ తెగల దళాలు నేలమీద కదిలాయి. నౌకాదళం తీరాన్ని కట్టడి చేసింది. తలేహ్‌ను పట్టుకున్నది నేలమీది వారే. మూడవది, కోట కోల్పోయిన తర్వాత కూడా సయ్యిద్ లొంగలేదు. క్షమాభిక్ష ప్రతిపాదనతో వెళ్ళిన పెద్దల మాట వినలేదు. మిగిలిన అనుచరులను కూడదీసుకొన్నాడు. ఆ మిగిలిన బలాన్ని దెబ్బతీసింది అతని దాడులతో విసిగిన తెగల దళం, పశువులకూ మనుషులకూ సోకిన అంటువ్యాధులు. 1920 డిసెంబరులో ఇమి వద్ద అతను మరణించింది ఇన్‌ఫ్లుయెంజాతో.

ఇక అతని మాట సంగతి. ‘దర్దారన్’ - చివరి ఉపదేశం - అన్న పేరుతో ప్రచారంలో ఉన్న కవితలో పరాయి పాలన ఏమి తెచ్చిపెడుతుందో సోమాలీలకు హెచ్చరిక ఉంది. కోటలు కూలిన తర్వాత కూడా ఆ హెచ్చరిక కంఠస్థంగా నిలిచింది. స్వతంత్ర సోమాలియాలో అతన్ని జాతీయ వీరుడిగా కీర్తించారు. మొగదిషులో గుర్రంమీది విగ్రహం నెలకొల్పారు. అతని కవితలను అవ్ జామా ఉమర్ ఈసె సేకరించి 1974లో గ్రంథంగా ప్రకటించాడు. సైనికంగా ఉద్యమం అంతరించింది. దాని వాదం మాత్రం అంతరించలేదు. జాతీయవాదంగా రూపు మార్చుకుంది.

5. వాదం ప్రయాణించిన దారి: ఇరాక్, వజీరిస్తాన్

సోమాలిలాండ్ ‘చౌక విజయం’ ఒక విధానంగా మారింది. 1921 కైరో సమావేశంలో తీసుకున్న నిర్ణయం ప్రకారం 1922 అక్టోబరు నుంచి ఇరాక్ రక్షణ బాధ్యతను రాయల్ ఎయిర్ ఫోర్స్ స్వీకరించింది. ఎదురుతిరిగిన పల్లెలను విమానాలతో అదుపుచేసే ఈ పద్ధతి భారత వాయవ్య సరిహద్దులోనూ అమలయింది.

వజీరిస్తాన్‌లో 1936లో తిరుగుబాటు లేవదీసిన మీర్జా అలీ ఖాన్ ‘ఇపీ ఫకీరు’గా ప్రసిద్ధుడు. అతన్ని అణచడానికి వేల సంఖ్యలో సైనికులు కదిలారు. ఖాళీ చేయవలసిందిగా ముందు కరపత్రాలు జారవిడిచి, తర్వాత గ్రామాల మీద బాంబులు వేశారు. ఫకీరుకు తలేహ్ వంటి కోట లేదు; కొండగుహలున్నాయి, ఆశ్రయమిచ్చే తెగలున్నాయి. బ్రిటిష్ పాలన ముగిసే వరకూ అతను దొరకలేదు. 1947 తర్వాత పాకిస్తాన్ వైమానిక దళం కూడా అతని స్థావరాల మీద దాడులు చేసింది. చివరకు 1960లో గుర్వెక్‌లో సహజ మరణం పొందాడు. విమానాలు పదహారేళ్ళలో మరింత మెరుగయ్యాయి గాని ఫలితం రాలేదు. ఈ భేదానికి ప్రధాన కారణం యంత్రంలో కాక, ఎదుటి ఉద్యమానికి స్థిరనివాసం ఉండడంలోనూ లేకపోవడంలోనూ ఉందనుకోవాలి.

6. ఐజోల్, 1966

స్వతంత్ర భారతదేశం కూడా ఒక సందర్భంలో ఈ దారి తొక్కింది. 1959లో వెదురు పూత తర్వాత ఎలుకలు పెరిగి మిజో కొండలలో ‘మౌతమ్’ కరువు వచ్చింది. ప్రభుత్వం సకాలంలో ఆదుకోలేదన్న ఆగ్రహం నుంచి కరువు సహాయ సంస్థగా మొదలైనది 1961లో మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966 ఫిబ్రవరి 28 రాత్రి సాయుధ తిరుగుబాటు ప్రారంభమైంది. మరునాడు స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. ఐజోల్‌లోని అస్సాం రైఫిల్స్ స్థావరం ముట్టడిలో చిక్కుకుంది. హెలికాప్టర్లలో సైనికులను దించే ప్రయత్నం కాల్పుల వల్ల విఫలమైంది. మార్చి 5న తూఫానీ, హంటర్ యుద్ధవిమానాలు ఐజోల్ మీద దాడి చేశాయి.

తక్షణ లక్ష్యం నెరవేరింది. ముట్టడి వీగిపోయింది, సైన్యం పట్టణానికి చేరింది. ఆ స్థావరంలో చిక్కుకున్నవారి దృష్టినుంచి చూస్తే ఇది చిన్న విషయం కాదు. కాని ఊరు తగలబడింది. జనం అడవులకు పరుగెత్తారు. తిరుగుబాటుదారులు తూర్పు పాకిస్తాన్, బర్మా సరిహద్దులకు తరలిపోయి మరో ఇరవై ఏళ్ళు పోరాడారు. 1967 నుంచి గ్రామాలను ఖాళీ చేయించి, రహదారుల వెంట ఒకచోట చేర్చి కాపలా పెట్టారు. పోరాటం ముగిసింది 1986 జూన్ 30 నాటి ఒప్పందంతో. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. 1987 ఫిబ్రవరిలో మిజోరం రాష్ట్రమైంది.

ఆ రెండు దశాబ్దాలను మిజోలు ‘రంబువాయ్’ - కల్లోలిత భూమి - అంటారు. నాటి పాటలను, కథలను, జ్ఞాపకాలను మిజో విమర్శకులు రంబువాయ్ సాహిత్యంగా ఒక ప్రత్యేక శాఖ కింద అధ్యయనం చేస్తున్నారు. మార్చి 5 అక్కడ స్మారక దినం. ఒకనాటి దాడి కొద్ది రోజుల సైనికావసరాన్ని తీర్చింది. దాని జ్ఞాపకం సంధి కుదిరిన తర్వాత కూడా నిలిచింది. ఆ జ్ఞాపకం ఉండగానే శాంతి సాధ్యపడిందన్నది ఇందులోని విశేషం. మిజోల అస్తిత్వానికి రాజ్యాంగంలో చోటు దొరకడమే అందుకు కారణం.

7. మోసుల్: ప్రతివాదానికి బలమైన ఉదాహరణ

పై ప్రతిపాదనకు గట్టి ఆక్షేపణ ఇస్లామిక్ స్టేట్ ఓటమి నుంచి వస్తుంది. 2014 జూన్‌లో మోసుల్‌ను పట్టుకొని ఖిలాఫత్ ప్రకటించిన ఆ సంస్థతో సంధి మాట్లాడే అవకాశం లేదు. యజీదీల మీద అది సాగించిన దారుణాల తర్వాత, ఆగస్టులో మొదలైన వైమానిక దాడులను తప్పుపట్టడం కష్టం. కొబానీ పట్టణాన్ని కుర్దు దళాలు 2015 జనవరిలో నిలబెట్టుకోవడంలో విమానాల పాత్ర నిర్ణాయకం. మోసుల్ 2017 జూలైలో, రక్కా అదే సంవత్సరం అక్టోబరులో విముక్తమయ్యాయి. 2019 మార్చిలో బాగూజ్‌తో ఆ ‘రాజ్యం’ అంతమైంది.

ఈ ఉదాహరణను నిశితంగా చూస్తే సోమాలిలాండ్ లక్షణాలే కనిపిస్తాయి. ఇస్లామిక్ స్టేట్ నగరాలను పాలించాలనుకుంది. పన్నులు, న్యాయస్థానాలు, చమురు బావులు నిర్వహించింది. తలేహ్ కోటలాగే ఆ రాజ్యం గురికి అందింది. అయినా ప్రతి నగరాన్నీ వీధివీధినా పోరాడి గెలిచింది ఇరాక్ సైన్యం, కుర్దు దళాలు. మోసుల్ పోరు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది.

అంతకు ముందరి చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. ఈ సంస్థకు మూలపురుషుడైన జర్ఖావీ 2006 జూన్‌లో వైమానిక దాడిలోనే మరణించాడు. సంస్థ ఆగలేదు. దాన్ని దాదాపు నిర్మూలన స్థితికి తెచ్చింది ఆ కాలంలో సున్నీ తెగలు దానికి ఎదురుతిరిగిన ‘సహ్వా’ ఉద్యమం, దానికి తోడైన అమెరికా సేనలు. ఆ తెగలకు ఇచ్చిన మాట బాగ్దాద్ ప్రభుత్వం నిలుపుకోకపోవడంతో ఏర్పడిన అసంతృప్తిలోనే సంస్థ తిరిగి వేళ్ళూనింది. అంటే ఒకే ఉద్యమం మీద రెండు ప్రయోగాలు జరిగాయి. నాయకుణ్ణి చంపిన బాంబు దాన్ని ఆపలేదు. జనం దూరం కావడం ఆపింది. జనం మళ్ళీ నిరాశపడడం దానికి ప్రాణం పోసింది.

మూల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014-2019 మధ్య సంకీర్ణ సేనలు 34 వేలకు పైగా దాడులు చేశాయి. ఆ సేనలే అంగీకరించిన పౌర మరణాలు సుమారు 1,400. స్వతంత్ర పరిశీలకుల అంచనాలు ఇంతకు ఎన్నో రెట్లు. 2017 మార్చి 17న మోసుల్ జదీదా పేటలో ఇద్దరు తుపాకీధారులను గురిపెట్టి వేసిన బాంబుతో భవనం కూలి నూరుమందికి పైగా పౌరులు మరణించారని అమెరికా విచారణ తేల్చింది. ఇంటిలో తీవ్రవాదులు పేర్చిన పేలుడు పదార్థాలే కూలడానికి కారణమని ఆ నివేదిక వివరణ. బాధ్యత ఎవరిదైనా, శిథిలాల కింద తనవారిని వెతుక్కున్నవారికి ఆ వివరణ ఏ మేరకు ఊరటనిస్తుందన్నది వేరే ప్రశ్న. బాగూజ్ పతనమైన మూడేళ్ళకు, 2022 జనవరిలో, హసకాలోని కారాగారం మీద ఆ సంస్థ భారీగా దాడి చేయడం గమనార్హం.

8. ముగింపు

పరిశీలించిన సందర్భాల నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఉద్యమం కోటగానో రాజ్యంగానో ఒకచోట స్థిరపడినప్పుడు వైమానిక దాడి దానిని ఆ చోటునుంచి కదిలించగలదు. నేలమీద పోరాడే స్థానిక బలం తోడున్నప్పుడే ఆ ఫలితం నిలుస్తుంది. రెండు, ఉద్యమానికి స్థలంతో పని లేనప్పుడు, వజీరిస్తాన్‌లో వలె, బాంబుకు లక్ష్యంగా మిగిలేది దానికి ఆశ్రయమిచ్చే పల్లె మాత్రమే. మూడు, ఉద్యమం వినిపించే వాదానికి ఎదురువాదమో, అది ఎత్తిచూపే అన్యాయానికి పరిష్కారమో దొరికినచోటనే పోరు ముగిసింది. మక్కా నుంచి వచ్చిన ఉత్తరం, మిజో ఒప్పందం, సున్నీ తెగల తిరుగుబాటు - మూడూ ఈ కోవకు చెందినవే.

కొబానీ, ఐజోల్ స్థావరాల వంటి చోట్ల విమానాల వల్ల ప్రాణాలు నిలిచాయని ఒప్పుకుంటూనే, ‘ఓడించాం’ అన్న మాటను వాడేటప్పుడు జాగ్రత్త అవసరమని ఈ వ్యాసం సూచిస్తుంది. 1920 నాటి విజయ వార్తను రాసినవారి చేతిలో నివేదికలున్నాయి, ఖర్చుల లెక్కలున్నాయి. సోమాలీ ఒంటెల కాపరులు కంఠస్థం చేసుకున్న పద్యాలు ఆ లెక్కలలోకి రాలేదు. అవి లెక్కకు రానందువల్లనే చౌక విజయమన్న భావన ఇరాక్‌కూ, వజీరిస్తాన్‌కూ, తర్వాత మరెన్నో చోట్లకూ ప్రయాణించగలిగింది. పోరాటాల మౌఖిక సాహిత్యాన్ని సేకరించి భద్రపరచడం సాహిత్య శాఖలకు పరిమితమైన అభిరుచిగా కనిపించవచ్చు. ఒక యుద్ధం నిజంగా ముగిసిందో లేదో చెప్పగల ఆధారాలలో అదొకటి.